పరగడుపు: మత్తువైద్య చరిత్రలో ఒక ప్రశ్న

‘పరగడుపున ఉన్నారా?’ అన్నది శస్త్రచికిత్సకు ముందు రోగిని అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి. మత్తులో దగ్గు, మింగుడు సన్నగిల్లి, కడుపులోని ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు.

నిజాం రాజ్యంలో మత్తు ప్రమాదంపై చర్చ వేరే దారిన సాగింది. 1888, 1889లలో ఎడ్వర్డ్ లారీ నడిపిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు నాడికంటె శ్వాసనే గమనించాలని తీర్మానించాయి. కడుపు వైపు దృష్టిని బలంగా మళ్లించినది 1946 నాటి మెండెల్సన్ వ్యాసం. న్యూయార్క్‌లోని 44,016 ప్రసవ కేసుల్లో అటువంటి 66 ఘటనలను అది నమోదు చేసింది. ఉపవాస నియమం ఆపై బలపడింది.

అయితే ఆ నియమం ముందే నిర్ణయించిన శస్త్రచికిత్సకు సరిపోతుంది. బోధన్ చెరకు పొలాల దారిలో గాయపడి నిజామాబాదు ఆస్పత్రికి చేరిన మనిషి పరగడుపున బయలుదేరి ఉండడు. స్పృహ లేకుంటే జవాబే రాదు. వచ్చినా, నొప్పి, గాయం జీర్ణక్రియను మందగింపజేస్తాయి గనుక గంటల లెక్క నమ్మదగినది కాదు. ఇక్కడే మంచం పక్కన చేసే అల్ట్రాసౌండ్‌కు ప్రాధాన్యం. వీలైతే రోగిని కుడివైపు ఒత్తిగిలజేసి జఠరం దిగువభాగాన్ని చూస్తే ఖాళీయో, ద్రవమో, ఘనాహారమో తెలుస్తుంది. ఘనాహారం కనిపించినా, ద్రవం శరీర బరువులో కిలోకు 1.5 మిల్లీలీటర్లు దాటినా నిండు కడుపుగా భావిస్తారు. స్పష్టత రాకున్నా అంతే. ప్రాణం నిలిపే చికిత్స దానికోసం ఆగదు.

పరగడుపు ఇంతకాలం రోగి నోట వినవలసిన సాక్ష్యం. నోరు విప్పలేని రోగి విషయంలో ఇప్పుడది వైద్యుడు కంటితో చూడగల సాక్ష్యమైంది.