జంబియా: హడ్రమౌత్ నుంచి బార్కస్ దాకా

జంబియా అరబ్బు తెగల మగవాళ్లు నడుముకు కట్టుకునే వంపు బాకు. రెండు వైపులా పదును, అలుగు నడుమ పొడుగునా సాగే గట్టు, కొక్కెంలా పైకి తిరిగిన ఒర దీని ఆనవాళ్లు. ఒమాన్ జెండా మీది ఖంజర్ దీనికి దగ్గరి చుట్టం. ఆ ఖంజర్ గురించి 1672లో మస్కట్ వెళ్లిన డచ్చి ఉద్యోగి రాబర్ట్ పాడ్‌బ్రుగ్గె రాశాడు. అదే ఒమాన్‌లోని ముసందం కొండల్లో షిహూ తెగవాళ్లది మాత్రం బాకు కాదు, గొడ్డలి. చేతికర్ర కొసన చిన్న ఉక్కు తల బిగించిన ఆ 'జిర్జ్' కొండదారిలో ఊతం, అవసరపడితే ఆయుధం.

తెలుగు నేలకు జంబియా యెమెన్‌లోని హడ్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన సిపాయిల నడుముల్లో వచ్చింది. అయితే అరబ్బులకూ ఈ నేలకూ ఆయుధాల బంధం ఇంకా పాతది. భారతదేశపు ఉక్కుతో చేసిన కత్తులను అరబ్బు కవులు ఇస్లాంకు ముందే పొగిడారు. నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో మూసి, కొలిమిలో కరిగించి, నిదానంగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. సాగగొట్టిన అలుగు మీద నీటి అలల్లాంటి చారలు తేలేవి. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడికే వచ్చేవారని 19వ శతాబ్దపు తొలినాళ్లలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయిసీ నమోదు చేశాడు. అరబ్బుల వాడకానికి కత్తులు, బాకులు హైదరాబాద్‌లోనూ తయారయ్యాయి.

పిడిలోనే జంబియా విలువంతా. యెమెన్‌లో ఖడ్గమృగం కొమ్ము పిడికి ఉన్న గిరాకీ ఆఫ్రికాలో ఆ జంతువుల ప్రాణాల మీదికి తెచ్చింది. కొమ్ము దిగుమతిని యెమెన్ 1982లో నిషేధించింది.

నిజాం కొలువులోని అరబ్బు దళాలకు జమేదార్లు నాయకులు. వారిలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ హైదరాబాద్‌లో గడించిన సొమ్ముతో హడ్రమౌత్‌లో రాజ్యానికి పునాది వేశాడు. ఆయన వంశం 1881లో ముకల్లాను గెలుచుకుని 1967 దాకా ఏలింది. దక్కన్ కొలువు సంపాదన సముద్రం అవతల రాజ్యమైన ఈ ఉదంతం మన చరిత్ర పుస్తకాల్లో ఇంకా పెద్ద చోటుకు తగినది.

నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ ఈ అరబ్బు దళాల దూకుడుకు కళ్లెం వేశాడు. 1948 పోలీసు చర్యతో వాటి కథ ముగిసింది. చాలామందిని యెమెన్ పంపేశారు. చావూష్‌లని పిలిచే ఈ అరబ్బుల్లో మిగిలిన కుటుంబాలు హైదరాబాద్‌లోని బార్కస్‌లో స్థిరపడ్డాయి. వారి మర్ఫా వాద్యం హైదరాబాద్ పెళ్లి బరాత్‌లకు పాకింది, ఆ దరువుకు కత్తులు తిప్పుతూ ఆడే ఆటతో సహా.