గ్యాస్‌ని ముందు పసిగట్టేది ఎవరు?



మా రెడ్డిగూడెం నుంచి మైలవరం దాటి పోతే కొండపల్లి. అక్కడి ల్యాంకో కరెంటు ప్లాంటుకు కోనసీమలోని తాటిపాక నుంచి గెయిల్ గ్యాస్ గొట్టం ఉండేది. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఆ గొట్టం నగరం గ్రామం దగ్గర లీకై మండింది. ఇరవై మందికి పైగా కాలిపోయి చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీళ్లు కలిసిన గ్యాస్ పంపారు, లోపల తుప్పు పట్టింది. వాసన వస్తోందని ముందే మొత్తుకున్నామని ఊరివాళ్లు చెప్పారు. ఆ ఊరికి డిటెక్టర్ జనం ముక్కే. ఆ ముక్కు మాట ఎవరు విన్నారు?

ఈ డిటెక్టర్ చరిత్ర కాస్త చూద్దాం. 1890ల్లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ బొగ్గు గనుల్లోకి చిన్న ప్రాణుల్ని వెంట తీసుకెళ్లమన్నాడు. విషవాయువుకు మనిషికంటే ముందు కేనరీ పిట్ట సోలిపోతుంది. 1986 దాకా అక్కడి గనుల్లో ఆ పిట్టలున్నాయి. మెషీన్ మాత్రం చమురు కంపెనీలో పుట్టింది. 1926-27లో కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్‌లో ఆలివర్ జాన్సన్ తయారుచేశాడు, ట్యాంకులు పేలకుండా. వేడి ప్లాటినం తీగ మీద గ్యాస్ మండితే తీగలో కరెంటు తేడా వస్తుంది, ఆ తేడాయే హెచ్చరిక. ఈ పద్ధతినే తర్వాత రిఫైనరీల్లో శాశ్వతంగా బిగించారు. బరువైన ఎల్‌పీజీకి నేల దగ్గర, తేలికైన మీథేన్‌కి పైన. రాత్రీపగలూ కాపలా.

ఇక మ్యాన్‌హోల్ దగ్గరికి రండి. అక్కడుండే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన గుడ్ల వాసన. కొంచెం ఉన్నా ముక్కుకు తెలుస్తుంది. గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు దాటిందంటే ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు పైకి రాడు. ముక్కును అస్సలు నమ్మకూడని ఆ గుంటలోకి మనవాళ్లను ముక్కొక్కటే ఇచ్చి దించారు, తరాలుగా.

2013 చట్టం కింద వచ్చిన నియమాల్లో రక్షణ సామగ్రి జాబితా ఉంది, అందులో గ్యాస్ మానిటర్ ఉంది. నగరం మంటకు సరిగ్గా మూడు నెలల ముందు, 2014 మార్చి 27న, బెజవాడ విల్సన్ తదితరులు కట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఒక్కో చావుకు 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబర్ 20న దాన్ని 30 లక్షలు చేసింది. చచ్చాక ఇచ్చే డబ్బు మూడింతలైంది, సరే.

విద్యార్థి మిత్రులు మీ మున్సిపాలిటీలో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. రెండే ప్రశ్నలు: గ్యాస్ మానిటర్లు ఎన్ని కొన్నారు? వాటిని చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేశారు?