మరణం తరువాత మెదడులో భాస్వరం

యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినగానే తెలుగు పాఠకులకు ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలు మందు గుర్తుకు వస్తాయి. ఎస్.పి.కె. గుప్త రచించిన జీవితచరిత్రను చదివినవారికి ఆయన హార్వర్డ్ రోజులు కూడా పరిచితమే. ఆ రోజుల్లో ఒక పరీక్షనాళికలో ఆయన గమనించిన సత్యం, మృతుల మెదళ్ళను అధ్యయనం చేసేవారికి అరవై ఏళ్ళు దాటిన తరువాత మరొక రూపంలో ఎదురయింది.

1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య ముగించిన సుబ్బారావు 1922లో బోస్టన్ చేరారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, ఆపై క్షయకరణ ద్రవ్యం చేరిస్తే ద్రావణం నీలమవుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. కండర సారాన్ని పరీక్షించినప్పుడు మాత్రం ఆ రంగు ఒక్కసారిగా రాక, మెల్లమెల్లగా ముదిరింది. పద్ధతిలో లోపమని దానిని తోసిపుచ్చడం సులభమే. కాని వారిద్దరూ ఆ ఆలస్యానికి కారణం వెదికారు. ఫాస్ఫేట్, క్రియాటిన్ కలిసిన ఒక పెళుసైన సమ్మేళనం ఆ ఆమ్లంలో క్రమంగా విరిగిపోతున్నదని గ్రహించి, 1927లో ప్రకటించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. అంతవరకు కండరంలోని అకర్బన ఫాస్ఫేట్‌గా లెక్కకు వచ్చినదానిలో చాలా భాగం సజీవ కండరానిది కాదు, పరీక్షలో పుట్టినది. 1929లో ఏటీపీని కూడా వారు బోస్టన్‌లోను, కార్ల్ లోమన్ జర్మనీలోను విడివిడిగా కనుగొన్నారు.

ఈ శక్తినిధులు మెదడులో మరింత త్వరగా అడుగంటుతాయి. రక్తప్రసరణ ఆగితే ఎలుక మెదడులో ముందుగా ఫాస్ఫోక్రియాటిన్, దాని వెంట ఏటీపీ నిమిషాల్లోనే తరిగిపోతాయని ఆలివర్ లౌరీ బృందం 1964లో చూపింది.

ఇంతలో ఫాస్ఫేట్‌కు మరొక పాత్ర ఉన్నదని తేలింది. 1955లో సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ ఒక ఎంజైముకు ఫాస్ఫేట్ చేరితే అది చురుకుగా మారుతుందని నిరూపించారు. ఆ కృషికి 1992లో నోబెల్ బహుమతి లభించింది. ఫాస్ఫేట్‌ను ప్రోటీన్‌కు అతికించేవి కైనేజులు, ఊడదీసేవి ఫాస్ఫటేజులు. కైనేజుకు ఏటీపీ కావాలి. ఫాస్ఫటేజుకు నీరు చాలు. మరణంతో ఏటీపీ హరించుకుపోయినా, ఊడదీసే పని గంటల తరబడి సాగుతూనే ఉంటుంది. అయితే అన్ని ప్రోటీన్లదీ ఒకే దారి కాదు. ప్రసరణ ఆగిన తొలి నిమిషాల్లో కణంలోకి కాల్షియం వెల్లువెత్తడంతో, కొన్నింటిపై ఫాస్ఫేట్ పెరుగుతుంది కూడా.

దీని పర్యవసానం అల్జీమర్స్ పరిశోధనలో బయటపడింది. ఆ వ్యాధిలో నాడీకణాల్లో పేరుకునే పోగుల్లోని టావ్ ప్రోటీన్‌పై ఫాస్ఫేట్ అసాధారణంగా ఉన్నదని 1986లో వెల్లడయింది. శవపరీక్షలో సేకరించిన ఆరోగ్యవంతుల మెదళ్ళలో అది అంతగా కనబడలేదు. 1994లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బృందం, జీవించి ఉన్నవారికి శస్త్రచికిత్స చేసినప్పుడు తీసిన మెదడు తునకలను పరీక్షించింది. వ్యాధిచిహ్నాలుగా భావించిన స్థానాల్లో అనేకం వాటిలోనూ ఫాస్ఫేట్‌ను ధరించే ఉన్నాయి. మరణానంతరం అది త్వరగా ఊడిపోవడం వల్లనే ఆరోగ్యవంతుల మెదడు అంత 'శుభ్రంగా' కనిపించింది. వ్యాధిలో టావ్‌పై ఫాస్ఫేట్ మితిమీరడం నిజమే. కాని వ్యాధికీ ఆరోగ్యానికీ మధ్య గీసిన గీతలో కొంత భాగాన్ని మృత్యువే గీసింది.

ప్రయోగశాల జంతువుల్లో దీనికి ఉపాయం ఉంది. కేంద్రీకరించిన మైక్రోవేవ్‌తో ఎంజైములన్నింటినీ క్షణాల్లో నిశ్చలం చేయవచ్చు. మనుషుల విషయంలో అది కుదరదు. మరణ ధ్రువీకరణ, కుటుంబ సమ్మతి, పార్థివదేహం తరలింపు పూర్తయ్యేసరికి గంటలు గడుస్తాయి. అందుకే బెంగళూరులోని నిమ్హాన్స్‌లో 1995లో నెలకొన్న మెదడు భాండాగారం వంటి చోట్ల, కణజాలంతో పాటు మరణానికీ దాన్ని భద్రపరచడానికీ మధ్య గడిచిన కాలం కూడా ముఖ్యమైన సమాచారమే.

దుఃఖంలో ఉండి కూడా ఆప్తుని మెదడును శాస్త్రానికి అప్పగించే కుటుంబం చేసిన దానం విలువైనది. ఆ కాలాన్ని విస్మరించి ఫాస్ఫేట్ లెక్కలు ప్రకటిస్తే, మరణం చేసిన పనిని వ్యాధికి అంటగట్టినట్లవుతుంది. రంగు ఎంత వచ్చిందని మాత్రమే కాక, ఎప్పుడు వచ్చిందని కూడా అడిగిన సుబ్బారావు పరిశోధన నేటికీ పాతబడకపోవడానికి కారణం అదే.