పదకొండుమంది, ఒక బీరువా

పదకొండుమంది శాస్త్రవేత్తలు ఒక రహస్య పని మీద ఉన్నారు. కాగితాలన్నీ ఒకే బీరువాలో పెట్టారు. ఆరుగురు కలిస్తే అది తెరుచుకోవాలి. అయిదుగురు ఎంత తంటాలు పడ్డా తెరుచుకోకూడదు. ఎన్ని తాళాలు వేయాలి? కనీసం 462. ఒక్కొక్కరి దగ్గర ఎన్ని చెవులుండాలి? 252.

ఇది చదివి నమ్మలేక కాగితం మీద వేసి చూసుకున్నాను. ఏ అయిదుగురు కలిసినా వాళ్లకు లొంగని తాళం ఒకటి మిగలాలి. పదకొండుమందిలోంచి అయిదుగురిని 462 రకాలుగా ఎంచవచ్చు. లెక్క సరిపోయింది. మా అమ్మమ్మ బొడ్లో దోపుకునే గుత్తికి ఉన్నవి అయిదు చెవులే. ఆవిడ ఏ గదిలో ఉందో ఆ చప్పుడే చెప్పేది. 252 చెవులతో ఒక శాస్త్రవేత్త నడిచొస్తుంటే ఎలా ఉంటుందో!

ఈ లెక్క దాకా నన్ను తీసుకొచ్చింది మా తమ్ముడి ఉద్యోగం. వాళ్ల ఆఫీసులో పాస్‌వర్డులన్నీ ఒక ఖజానాలో ఉంటాయి. సర్వరు ఆగి మళ్లీ లేస్తే, అయిదుగురిలో ముగ్గురు తమ దగ్గరున్న తాళపు ముక్కలు ఇచ్చేదాకా ఆ ఖజానా నోరు విప్పదట. ఎవరి ఆలోచన ఇదని తవ్వుకుంటూ పోతే 1979 నవంబరు తగిలింది.

ఆ నెల ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో ఆది షమీర్ రెండు పేజీల వ్యాసం రాశాడు. ఒక గణిత పాఠ్యపుస్తకంలోని ఆ బీరువా లెక్కతో మొదలుపెట్టి, తాళాలన్నిటినీ ఒక్క గీతతో ఎగరగొట్టాడు. రెండు చుక్కలుంటే వాటిగుండా ఒకే సరళరేఖ పోతుంది. ఒక్క చుక్కే ఉంటే ఎన్ని రేఖలైనా పోతాయి. రేఖ నిలువు అక్షాన్ని తాకే చోట రహస్యాన్ని దాచి, రేఖ మీది చుక్కలను తలా ఒకటి పంచితే, ఏ ఇద్దరు కలిసినా గుట్టు దొరుకుతుంది; ఒంటరివాడికి ఏమీ దొరకదు. ఆరుగురు కలవాలంటారా, రేఖకు మరికొన్ని వంపులు పెడితే సరి.

నన్ను మురిపించింది మరొకటి. అదే సంచికలో కొన్ని పేజీల ముందు రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్ పాస్‌వర్డుల కథ రాశారు. 3,289 పాస్‌వర్డులు పోగేసి చూస్తే, 15మంది ఒకే ఒక్క అక్షరంతో సరిపెట్టుకున్నారు. 72మందివి రెండక్షరాలు. చిన్నవీ, నిఘంటువుల్లోనూ పేర్ల జాబితాల్లోనూ దొరికేవీ కలిపితే 2,831. అంటే నూటికి 86. ఒక పక్క తాళానికి అంత గణితం, ఇంకో పక్క గడియ కూడా వేయని జనం, రెండూ ఒకే అట్టల మధ్య!

మారిస్, థాంప్సన్ చెప్పిన మందు పేరు ‘సాల్ట్’, అచ్చంగా ఉప్పే. పాస్‌వర్డును గుర్తుపట్టలేని ముద్దగా మార్చేముందు చిటికెడు ఉప్పు కలపడం. ఉప్పులు 4,096 రకాలు కాబట్టి, ఇద్దరిది ఒకే పాస్‌వర్డయినా ముద్దలు మాత్రం దాదాపు ఎప్పుడూ వేరుగానే కనిపిస్తాయి. నిల్వ ఉండాలంటే ఉప్పు పడాల్సిందేనని ఆవకాయ పెట్టేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాళ్ల భయం ఊరికే పుట్టలేదు. 1961లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం చాలామంది ఒకేసారి వాడుకునే కంప్యూటరు వ్యవస్థను చూపించింది. ఎవరి ఫైళ్లు వారివిగా ఉండాలని పాస్‌వర్డు పెట్టారు. 1962లో ఆలన్ షెర్ అనే విద్యార్థి, తనకిచ్చిన సమయం చాలక, పాస్‌వర్డుల ఫైలును అచ్చువేయమని కంప్యూటరునే అడిగాడు. అది బుద్ధిగా వేసిచ్చింది. కొన్నేళ్ల తర్వాత అక్కడే ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి రెండు ఫైళ్లు దిద్దబోయారు. ఎడిటరు వాడే తాత్కాలిక ఫైలుకు ఒకటే పేరు. అవి తారుమారై, లాగిన్ అయిన ప్రతివాడికీ ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి. ఇంటి గుట్టు లంకకు చేటన్న సామెతకు అమెరికాలో దొరికిన సాక్ష్యం.

1979 తర్వాతి ముప్ఫై అయిదేళ్లను నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 1980 ప్రాంతంలో యూనిక్స్‌కు ‘సుడో’ అనే ఆజ్ఞ వచ్చి, పెద్ద పాస్‌వర్డు చెప్పకుండానే పెద్ద పనులు చేయనిచ్చింది. 1999లో ఇజ్రాయెల్‌లో పుట్టిన సైబర్‌ఆర్క్ సంస్థ, పెత్తనమున్న ఖాతాల తాళాలకు విడిగా ఖజానా కట్టింది. 2015లో హాషికార్ప్ సంస్థ ‘వాల్ట్’ అనే ఖజానాను విడుదల చేసింది. షమీర్ గీత అందులోనే ఉంది: ఖజానా తెరిచే తాళాన్ని మామూలుగా అయిదు ముక్కలు చేసి, మూడు చాలంటుంది.

ఇప్పుడు ఖజానా తలుపు తట్టేది మనిషి కాదు, ప్రోగ్రాము. ఏపీఐ ద్వారా తన టోకెన్ చూపించి, ఫలానా అరలోది కావాలంటుంది. ఖజానా దాని హక్కు సరిచూసి, చిట్టాలో రాసుకుని ఇస్తుంది. డేటాబేసుకైతే అప్పటికప్పుడు కొత్త ఖాతా పుట్టించి, గడువు తీరగానే చంపేస్తుంది. గోడమీది బోర్డు మీద పాస్‌వర్డు రాసుకున్న ఆఫీసులో పనిచేసినవాణ్ణి కనుక దీన్ని కాదనను. అయితే టోకెన్ కూడా రహస్యమే, దాన్నెక్కడ దాచాలి? పెట్టె తాళం ఎక్కడ పెట్టాలన్న పాత చిక్కే ఇది. మా తమ్ముడి ఆఫీసులో ఆ ముగ్గురి కలయిక కూడా త్వరలో పోతుందట, క్లౌడే తెరిచేస్తుందట. సదుపాయమే. కానీ ఒకరినొకరు నమ్మక, నమ్మక తప్పక, ముగ్గురు ఒకచోట కూడే మర్యాద పోతోంది.

థాంప్సన్ సొంత పాస్‌వర్డు 2019 దాకా ఎవరికీ లొంగలేదు. తీరా విప్పితే అది చదరంగంలో మొదటి ఎత్తు: వాళ్ల రాణి, మన మంత్రి, ముందున్న బంటు రెండు గళ్లు జరగడం. చివర ఒక ఆశ్చర్యార్థకం. సంగతి తెలిసి ఆ పెద్దాయన అభినందనలు చెప్పాడు. ఈ పూట ఖజానా పుట్టించిన పాస్‌వర్డును నలభై ఏళ్ల తర్వాత ఎవరైనా విప్పినా, అభినందించడానికి దాని వెనక ఎవరూ ఉండరు.