బోధించుట, బోధపడుట: ఒక మాట పుట్టుక, దాని ప్రయాణం

ఉపోద్ఘాతం

మన సంఘాలలో ‘బోధ’ అనే మాట వినబడని ఆదివారం లేదు. సరియైన బోధ, దుర్బోధ, మా సంఘ బోధ, వారి బోధ అని నిత్యం అంటుంటాం. ఈ వాడుకలో బోధ అంటే ఒక సిద్ధాంతాల పట్టిక, ఒకరు అందించగా మరొకరు పుచ్చుకొనే వస్తువు. ఈ మాటకు మొదటినుండి ఉన్న అర్థం ఇదేనా? అది మన వేదగ్రంథంలోకి ఎలా వచ్చింది? దాని చరిత్ర నేటి బోధకునికి ఏమి చెబుతుంది? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

1. ధాతువు, దాని బంధువులు

‘బోధ’ సంస్కృత పదం. దీని ధాతువు ‘బుధ్’. మేల్కొనుట, గమనించుట, ఎరుగుట అని దానికి అర్థాలు. దాని ప్రేరణార్థక రూపం ‘బోధయతి’ అంటే మేలుకొలుపుచున్నాడు, తెలియజేయుచున్నాడు అని అర్థం. బుద్ధి, బుధుడు, బుద్ధుడు, బోధి, ప్రబోధం అన్నీ ఈ ధాతువునుండి పుట్టినవే. 11వ శతాబ్దంలో కృష్ణమిశ్రుడు సంస్కృతంలో రచించిన ‘ప్రబోధచంద్రోదయం’ నాటకాన్ని 15వ శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగన తెలుగు కావ్యంగా మలిచారు. ఆ పేరులోని ‘ప్రబోధం’ జ్ఞానోదయమే. అందులో మేల్కొనుట అనే పాత అర్థం ఇంకా చెక్కుచెదరలేదు.

ఈ ధాతువుకు గ్రీకు భాషలో ఒక బంధువు ఉంది. అది ‘పున్థానొమయి’, అనగా అడిగి తెలిసికొనుట. క్రీస్తు ఎక్కడ పుట్టునని హేరోదు ప్రధానయాజకులను, శాస్త్రులను అడిగినప్పుడు (మత్తయి 2:4) సువార్తికుడు వాడిన క్రియ ఇదే. వారు జవాబు సరిగానే చెప్పారు. అయితే బేత్లెహేముకు బయలుదేరినవారు జ్ఞానులే గాని, జవాబు తెలిసిన వారు కారు.

‘ఉపదేశం’ వేరొక ధాతువునుండి వచ్చింది. ‘దిశ్’ అంటే చూపుట. దగ్గరకు తీసి దారి చూపుటే ఉపదేశం. అచ్చతెలుగు మాట ‘నేర్పు’. అది క్రియగా విద్య చెప్పుటను, నామంగా పనితనాన్ని తెలుపుతుంది. హెబ్రీలో ‘లామద్’ అనే ధాతువు నేర్చుకొనుటను, నేర్పుటను తెలుపుతుంది. శిష్యుని తెలిపే ‘తల్మీద్’, ఎద్దులను తోలే మునికోలను తెలిపే ‘మల్మాద్’ (న్యాయాధిపతులు 3:31) ఆ ధాతువునుండి వచ్చినవే. ఒకే పనిని ఒక భాష మేలుకొలుపుగా, మరొకటి దారి చూపుటగా, ఇంకొకటి అదిలించి అలవాటు చేయుటగా చూచాయన్నమాట.

2. విశాఖ తీరంలో ఈ మాట

విశాఖ పరిసరాలకు ఈ మాటతో ఉన్న సంబంధం చాలా పాతది. తొట్లకొండ, బావికొండ, అనకాపల్లి దగ్గరి శంకరంలోని బొజ్జన్నకొండ క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో బౌద్ధ భిక్షువుల నివాసాలు. బుద్ధుని పేరే వాడుకలో బొజ్జన్నగా మారిందని సాధారణంగా చెబుతారు. బుద్ధుడంటే మేల్కొన్నవాడు.

ఇదే తీరానికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ వచ్చారు. ఆనందరాయర్ అనే క్రైస్తవుని సహాయంతో సువార్తలను తెలుగు చేయ పూనుకున్నారు. క్రాన్ 1809లో, దె గ్రాంజ్ 1810లో మరణించారు. దె గ్రాంజ్ అనువదించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అదే మిషనుకు చెందిన ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. 1840లో విశాఖకు వచ్చిన జాన్ హే అనువాద సవరణ పనిని ముందుకు తీసికొనిపోయాడు. తెలుగువారికి అంతకుముందే తెలిసిన మాటలతోనే వారు క్రొత్త సువార్తను చెప్పవలసి వచ్చింది. అట్టి మాటలలో ‘బోధ’ ఒకటి.

3. తెలుగు బైబిలులో

మనం నేడు చదివే పాత తెలుగు బైబిలులో ‘రబ్బీ’ అనే మాటకు అర్థం ‘బోధకుడు’ (యోహాను 1:38). అయితే ‘దిదాస్కలొస్’ అనే ఒకే గ్రీకు పదం యాకోబు 3:1లో ‘బోధకులు’ గాను, ఎఫెసీ 4:11లో ‘ఉపదేశకులు’ గాను కనిపిస్తుంది. కనుక ఈ రెండు తెలుగు మాటలను రెండు వేర్వేరు పరిచర్యలుగా విడదీసి, వాటి మీద ప్రసంగాలు కట్టడం మూలానికి న్యాయం చేయదు. ‘హితబోధ’ (2 తిమోతి 4:3) అనే అనువాదం మాత్రం ఎంతో చక్కనిది. గ్రీకులో అక్కడున్నది ఆరోగ్యకరమైన బోధ అనే భావం. బోధ సరియైనదా కాదా అని చూచుటతోనే పని తీరదు. విన్నవానికి అది మేలు చేసిందా అని కూడ అడగాలి.

4. ఒక హెచ్చరిక

ధాతువును చూపి ‘అసలు అర్థం ఇదే’ అని తేల్చివేయడం మన ప్రసంగ వేదికలమీద తరచుగా జరిగే పొరపాటు. 1961లో జేమ్స్ బార్ తన ‘ది సెమాంటిక్స్ ఆఫ్ బిబ్లికల్ లాంగ్వేజ్’ గ్రంథంలో దీనినే గట్టిగా విమర్శించాడు. పదానికి అర్థమిచ్చేది దాని పుట్టుక కాదు, వాడుక. ‘బోధనాసుపత్రి’ అన్నప్పుడు ఎవరికీ మేల్కొనుట తోచదు. కాబట్టి ‘బుధ్’ ధాతువును చూపి యేసు బోధను నిర్వచించలేము.

5. వాడుక చెప్పే సాక్ష్యం

అయితే వాడుకనే అడిగినా, తెలుగు ఒక సాక్ష్యం ఇస్తుంది. ‘నాకు బోధపడింది’, ‘ఎంత చెప్పినా బోధపడలేదు’ అని చదువురానివారు సైతం అంటారు. ‘బోధించు’ అనే క్రియకు కర్త చెప్పేవాడు. ‘బోధపడు’ అన్నచోట బోధ జరిగేది వినేవానిలో. మొదటిది జరిగినంత మాత్రాన రెండవది జరిగినట్లు కాదు. యేసు ఉపమానాలు చెప్పి ఊరుకోలేదు, గ్రహించారా అని శిష్యులను అడిగాడు (మత్తయి 13:51). ఫిలిప్పు ఐతియొపీయుని రథం దగ్గర మొదట వేసిన ప్రశ్న కూడ అదే (అపొ. కార్య. 8:30).

మల్కాపురం వంటి చోట ఇది పుస్తకాల ప్రశ్న కాదు. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1957లో నెలకొన్న చమురుశుద్ధి కర్మాగారం, ఆ తరువాతి ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన బస్తీలలో ఆదివారం ఆరాధనకు వచ్చేవారిలో రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవారుంటారు. వారికి కునుకు పడితే కోపగించే బోధకుడు త్రోయలోని ఐతుకును జ్ఞాపకం చేసికోవాలి (అపొ. కార్య. 20:9-12). పౌలు సుదీర్ఘంగా ప్రసంగిస్తుండగా నిద్రపోయి, మూడవ అంతస్తునుండి పడిన ఆ యౌవనస్థుని దగ్గరకు పౌలు ప్రసంగం ఆపి క్రిందికి దిగి వెళ్లాడు. గద్దించలేదు, కౌగిలించుకున్నాడు. తరువాత రొట్టె విరిచి, తెల్లవారేవరకు వారితో మాట్లాడాడు.

ముగింపు

‘సరియైన బోధ’ కొరకు మనం చేసే వాదాలు అవసరమే. హితబోధను కాపాడుమని లేఖనమే ఆజ్ఞాపిస్తున్నది. అయితే బోధను కాపాడటం, బోధించడం రెండు వేర్వేరు పనులు. ప్రసంగం ముగించిన బోధకుడు ‘నేను సరిగా చెప్పానా?’ అని తన్ను తాను పరీక్షించుకొనుట మంచిదే. దానితోపాటు ‘వారికి బోధపడిందా?’ అని అడుగుటకు వేదిక దిగి వెళ్లాలి. మన భాష ఆ రెండవ ప్రశ్నను ఎప్పటినుండో అడుగుతూనే ఉంది.