గుమ్మం దాటని పంచె

మార్చి నెలలో మా పార్సిప్పనీకి దగ్గర్లోని మోరిస్‌టౌన్‌లో సెయింట్ పాట్రిక్ పండగ ఊరేగింపు జరుగుతుంది. బాగ్‌పైపులు ఊదుకుంటూ, డ్రమ్ములు వాయించుకుంటూ, గళ్ళ కిల్టులు కట్టిన మగవాళ్ళు వరసలు వరసలుగా నడుస్తారు. ఇక్కడ అప్పటికింకా చలి పోదు. ఆ మోకాళ్ళు చూసి "పాపం, ఎలా తట్టుకుంటున్నారో!" అనుకుంటారు మనవాళ్ళు. ఊరేగింపు అయ్యాక వాళ్ళు ఆ కిల్టులతోనే పబ్బుల్లోకి వెళ్ళి కూర్చుంటారు. ఆ రోజున కిల్టు కట్టావని గుమ్మం దగ్గర ఆపే మొనగాడు ఈ చుట్టుపక్కల ఉండడు.

అయితే ఆ గుడ్డకి జైలు చరిత్ర ఉంది. 1746 ఏప్రిల్లో కలోడెన్ యుద్ధంలో స్కాట్లండ్ కొండప్రాంతపు తిరుగుబాటుదారులు ఓడిపోయారు. గెలిచిన లండన్ ప్రభుత్వం వాళ్ళ కత్తులతో పాటు బట్టల మీద కూడా పడింది. 1747 ఆగస్టు 1 నుంచి మగవాళ్ళు గాని, మగపిల్లలు గాని కిల్టు కట్టకూడదు, గళ్ళ ఉత్తరీయం వేసుకోకూడదు. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, బెయిలు లేదు. రెండోసారి దొరికితే ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. ఇందులో ఒక్కటే మినహాయింపు: రాజుగారి సైన్యంలో చేరినవాళ్ళు నిక్షేపంగా కట్టుకోవచ్చు. ఊళ్ళో కట్టుకుంటే నేరం, పటాలంలో కట్టుకుంటే యూనిఫారం! 1780లో మెక్లియడ్ హైలాండర్ల పటాలం మద్రాసులో దిగేనాటికి స్వదేశంలో ఆ నిషేధం ఇంకా అమల్లోనే ఉంది. 1782లో గాని ఎత్తెయ్యలేదు. ఆ తరవాత నలభై ఏళ్ళకి, 1822లో, నాలుగో జార్జి ఎడింబరో వచ్చినప్పుడు ఆయనే కిల్టు కట్టుకుని దర్శనమిచ్చాడు. కాళ్ళు కనపడకుండా లోపల చర్మం రంగు మేజోళ్ళు తొడుక్కున్నాడట. ఆ వేడుకంతా నడిపించింది నవలాకారుడు వాల్టర్ స్కాట్. ముప్ఫై అయిదేళ్ళు నేరంగా ఉన్న బట్ట, రాజు కట్టేసరికి జాతీయ వస్త్రమైపోయింది.

మన పంచెకి అలాంటి నిషేధచట్టం ఎవరూ రాయలేదు. దాన్ని ఆపే పని గుమ్మాలకి అప్పగించారు. కంపెనీ కాలంలో చెప్పుల పేచీ ఒకటుండేది. దొరల ఎదుటికి వెళ్ళే దేశీయుడు చెప్పులు విడిచి వెళ్ళాలి. 1854లో దానికో సవరణ చేశారు: ఇంగ్లీషు బూట్లు, మేజోళ్ళు వేసుకున్నవాడు వాటితోనే లోపలికి రావచ్చు, నాటుచెప్పులు వేసుకున్నవాడు మాత్రం విడవాల్సిందే. కాళ్ళు అవే, మనిషీ వాడే. మర్యాద తోలులో ఉందన్నమాట.

క్లబ్బులు ఈ పద్ధతిని ఇంకా బాగా ఒంటబట్టించుకున్నాయి. 1832లో పుట్టిన మద్రాసు క్లబ్బు భారతీయుల్ని సభ్యులుగా చేర్చుకునేది కాదు. అందుకని 1873లో మనవాళ్ళకీ చోటుండేలా కాస్మోపాలిటన్ క్లబ్బు వెలిసింది. దొరలు ఓడలెక్కి వెళ్ళిపోయారు గాని, గుమ్మం దగ్గర వేలాడే బోర్డు మాత్రం చాలా చోట్ల అక్కడే ఉండిపోయింది.

2014 జులై 11న మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ డి. హరిపరంధామన్ చేపాక్‌లోని తమిళనాడు క్రికెట్ అసోసియేషన్ క్లబ్బుకి వెళ్ళారు. అక్కడ ఒక పుస్తకావిష్కరణ. ఆయన తెల్ల పంచె, చొక్కా వేసుకున్నారు. పంచెకట్టుతో ప్రవేశం లేదని సిబ్బంది ఆపేశారు. అదే సభకి పంచెల్లో వచ్చిన ఇద్దరు న్యాయవాదులకీ అదే మర్యాద జరిగింది. న్యాయమూర్తి ఇంటికి తిరిగి వెళ్ళిపోయారు. పెద్ద గొడవైంది. ఆగస్టు వచ్చేసరికి జయలలిత ప్రభుత్వం శాసనసభలో చట్టమే చేయించింది. వేష్టిగాని, మరే భారతీయ సంప్రదాయ దుస్తులుగాని వేసుకున్నవాళ్ళని క్లబ్బులు, సంఘాలు ఆపకూడదు. ఆపితే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల దాకా జరిమానా, లైసెన్సు రద్దు. స్కాట్లండులో కట్టినవాడికి జైలు, తమిళనాడులో ఆపినవాడికి జైలు. చరిత్ర తలకిందులైనందుకు సంతోషించాల్సిందే. కాని తిరిగి వెళ్ళినవాడు హైకోర్టు న్యాయమూర్తి కాకపోతే ఆ చట్టం నెలరోజుల్లో వచ్చేదా అని నాకు అనుమానం.

ఆ అనుమానానికి ఆధారం పక్క రాష్ట్రంలో దొరుకుతుంది. 2024 జులైలో బెంగళూరులో ఒక పెద్దాయన, హావేరి జిల్లా రైతు, కొడుకుతో కలిసి సినిమా చూద్దామని మాల్‌కి వెళ్ళాడు. చేతిలో టిక్కెట్లున్నాయి. పంచె కట్టాడని కాపలావాళ్ళు ఆపేశారు, ప్యాంటు వేసుకుని రమ్మన్నారు. వీడియో నలుగురి కంటా పడ్డాక మాల్‌వాళ్ళు క్షమాపణ చెప్పి శాలువా కప్పారు, ప్రభుత్వం ఆ మాల్‌ని ఏడు రోజులు మూయించింది. అక్కడ దొరల క్లబ్బు లేదు, 1832 నాటి నిబంధన లేదు. కట్టించినవాళ్ళూ మనవాళ్ళే, ఆపినవాళ్ళూ మనవాళ్ళే. ఆ కాపలా కుర్రాడి తాత ఏం కట్టుకునేవాడో ఊహించడం కష్టం కాదు. ఇస్త్రీ మడతల జరీపంచె కట్టిన నాయకుడు అదే గుమ్మం ముందు కారు దిగితే తలుపులు వాటంతట అవే తెరుచుకునేవి. అంటే అక్కడ ఆపింది పంచెనా, బీదతనాన్నా?

న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. తిరుమలలో ఆర్జిత సేవలకి జీన్సు ప్యాంటుతో వెళితే వెనక్కి పంపుతారు. పంచె, కండువా గాని, కుర్తా పైజామా గాని ఉండాలి. గుడి కదా, దాని పద్ధతి దానిది అంటాం. క్లబ్బువాళ్ళు కూడా సరిగ్గా ఆ మాటే అంటారు. నా మటుకు నాకు గుడి నియమంలో భక్తి ఉంది, క్లబ్బు నియమంలో డాబు ఉంది అనిపిస్తుంది గాని, ఈ తేడా నా కళ్ళకే అంత స్పష్టమేమో.

ఇక అమెరికా సంగతి. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం హోటళ్ళు, రెస్టారెంట్లు, థియేటర్లు జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి మనిషిని ఆపకూడదు. ఆ జాబితాలో బట్ట లేదు. అందుకే పబ్బు తలుపు మీద "టోపీలు వద్దు, వదులు ప్యాంట్లు వద్దు" అని రాసుకునే వీలుంది. అది నిజంగా ప్యాంటు గురించా, ప్యాంటులో ఉన్న మనిషి రంగు గురించా అన్నది కోర్టుల్లో తేలాలి. మా న్యూజెర్సీకి ఇంతకంటే చేదైన జ్ఞాపకం ఉంది. 1987లో జెర్సీ సిటీలో "డాట్‌బస్టర్స్" అని పేరు పెట్టుకున్న మూక, హిందువు కనిపిస్తే దాడి చేస్తామని స్థానిక పత్రికకి ఉత్తరం రాసింది. ఆ సెప్టెంబరులోనే హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోడీ అనే బ్యాంకు ఉద్యోగిని కుర్రాళ్ళు కొట్టి చంపారు. ఆయన పార్సీ. బొట్టుతో ఆయనకి సంబంధమే లేదు. ఆ రోజుల్లో బొట్టు తీసేసి, చీరమీద కోటు బిగించి బస్సెక్కిన తరం ఒకటి ఇంకా మన మధ్య ఉంది. వాళ్ళని పిరికివాళ్ళనడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు పార్సిప్పనీలో అంత భయం లేదు. రూట్ 46 వెంబడి మన రెస్టారెంట్లు, మన కొట్లు. పంచె కట్టుకున్న తెలుగువాణ్ణి ఇక్కడి పబ్బులో ఆపారన్న మాట నేను వినలేదు. పంచె కట్టుకుని పబ్బుకి వెళ్ళిన తెలుగువాణ్ణీ చూడలేదు. ఉగాదికీ, పెళ్ళికీ పెట్టెలోంచి తీస్తాం. బ్రిడ్జ్‌వాటర్ గుడికి కారులో తీసుకెళ్ళి ప్యాంటు మీదే చుట్టుకుంటాం. జారిపోతుందన్న బెంగ లేకుండా వెల్క్రో అతికించిన రెడీమేడ్ పంచెలొచ్చాయి, వాటికి సెల్‌ఫోను జేబు కూడానూ.

ఈ మధ్యలో గళ్ళ బట్ట ఒకటి తన దారి తాను చూసుకుంది. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు "రియల్ మద్రాస్" పేరుతో పశ్చిమాఫ్రికా దాకా వెళ్ళేవి. 1958లో అమెరికన్ దిగుమతిదారు విలియం జేకబ్సన్ మద్రాసు వెళ్ళి గళ్ళ నేత బట్ట కొనుక్కొచ్చి బ్రూక్స్ బ్రదర్స్‌కి అమ్మాడు. ఉతికితే రంగు కారుతుందని గొడవొచ్చింది. అమ్మకందార్లు తెలివైనవాళ్ళు, రంగు కారడమే దాని అందమని ప్రచారం చేశారు. అప్పట్నుంచీ "మద్రాస్" అంటే ఇక్కడ నిక్కర్లకీ, కోట్లకీ వాడే వేసవి బట్ట. గోల్ఫ్ ఆడే కంట్రీ క్లబ్బుల్లో దాన్ని చూసి ఎవరూ కనుబొమ లేపరు. అదే గళ్ళ బట్టని కుట్టకుండా నడుముకి చుట్టుకుంటే లుంగీ అంటారు. దాంతో పోస్టు డబ్బా దాకా వెళ్ళడానికి మనం ముందు వీధి అటూ ఇటూ చూసుకుంటాం.