మూడు మాల్స్, మూడు పాత పేర్లు

చెన్నైలో ఏ మాల్ బాగుంటుంది అని అడిగితే మా పదో తరగతిలో ఉన్న 11 మందిలో ఒకరి మాట ఒకరికి పడదు. ఒకరు వేళచ్చేరి ఫీనిక్స్ అంటారు. ఇంకొకరు అన్నానగర్ వి.ఆర్. మాల్ అంటారు. మా అమ్మనడిగితే ఏ మాలూ వద్దు, టి.నగర్ రంగనాథన్ వీధి ఉంటే చాలు అంటుంది. సోషల్ టీచర్ మన ఊరి చరిత్ర మీద వ్యాసం రాయమన్నప్పుడు నేను ఈ వాదననే తీసుకున్నాను. "మాల్‌కి చరిత్రేంటి, నిన్నగాక మొన్న కట్టారు కదా" అని మా వాళ్లు నవ్వారు. మాల్ కొత్తదే. కానీ అది నిలబడిన నేల పాతది. ఆ నేల మీద ముందు ఏముండేదో తెలుసుకుంటే, ఏ మాల్ ఎందుకు ఇష్టమో చెప్పడానికి మంచి కారణం దొరుకుతుంది.

నేను మూడు మాల్స్ ఎంచుకున్నాను. అన్నాసాలైలో స్పెన్సర్ ప్లాజా, రాయపేటలో ఎక్స్‌ప్రెస్ అవెన్యూ, వడపళనిలో విజయా మాల్. వీటికి ఒక పోలిక ఉంది. తమకంటే ముందు ఆ చోట ఉన్నదాని పేరును మూడూ నిలుపుకున్నాయి. పోల్చడానికి మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ముందు అక్కడ ఏముండేది? అప్పుడు లోపలికి ఎవరు వెళ్లగలిగేవారు? ఇప్పుడు మాలాంటి కుటుంబం అక్కడికి వెళ్తే ఏం చేయగలదు?

మాల్స్ కంటే ముందు

అన్ని సరుకులూ ఒకే కప్పు కింద దొరకడం మాల్స్‌తో మొదలు కాలేదు. సెంట్రల్ స్టేషన్ పక్కన 1900లో మూర్ మార్కెట్ తెరిచారు. బ్రాడ్‌వే దగ్గర బజారులో అమ్ముకునేవాళ్లకు ఒక చోటు చూపించడానికి దాన్ని కట్టారు. అప్పటి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు సర్ జార్జ్ మూర్ పేరు పెట్టారు. ఎర్రటి భవనం. పాత పుస్తకాలకు పెట్టింది పేరు. మా నాన్న చిన్నప్పుడు తాత ఆయనకు పాత చందమామలు కొనిచ్చింది అక్కడే.

1985లో మూర్ మార్కెట్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ చోట ఇప్పుడు లోకల్ రైళ్ల స్టేషన్ ఉంది. ఆవడి, తిరువళ్లూరు రైళ్లు ఎక్కేవాళ్లు రోజూ 'ఎం.ఎం.సి.' అనే అక్షరాలు చూస్తుంటారు. మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అని దాని అర్థం. మార్కెట్ పోయింది, పేరు మాత్రం రైలు బోర్డు మీద మిగిలింది. పేర్లను గమనించాలి అని నాకు అనిపించింది ఇక్కడే.

స్పెన్సర్ ప్లాజా

మూడింటిలో పాతది ఇదే. చార్లెస్ డ్యూరంట్, జె.డబ్ల్యు. స్పెన్సర్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు 1860లలో మద్రాసులో ఒక దుకాణం పెట్టారు. తర్వాత అది యూజీన్ ఓక్‌షాట్ అనే ఆయన చేతికి వచ్చింది. ఆయన 1895లో మౌంట్ రోడ్డు మీద పెద్ద భవనం కట్టించి దుకాణాన్ని అక్కడికి మార్చాడు. మౌంట్ రోడ్డు అంటే ఇప్పటి అన్నాసాలై. బిస్కెట్ల నుంచి చుట్టల వరకు ఒకే చోట దొరికేవి. దొరలు, దొరసానులు, జమీందారులు బండ్లు దిగి లోపలికి వెళ్లేవారు. మామూలు జనం బయటి నుంచి చూసి పోవడమే ఎక్కువ.

ఆ భవనం 1983లో కాలిపోయింది. అదే స్థలంలో కొత్త భవనం కట్టి 1990లలో స్పెన్సర్ ప్లాజాగా తెరిచారు. దేశంలో వచ్చిన తొలి మాల్స్‌లో ఇది ఒకటి. ఒకప్పుడు దొరలు కొనే చోటే, తర్వాత కాలేజీ పిల్లలు బేరమాడి జీన్స్ ప్యాంట్లు కొనే చోటయింది. నాకు ఇందులో నచ్చేది ఆ బేరమే. లోపల ఎన్నో చిన్న దుకాణాలు, ఎవరి దుకాణం వాళ్లది. కాశ్మీరు శాలువాల దుకాణం పక్కనే సంచుల దుకాణం ఉంటుంది. ధర చెప్పిన మనిషే తగ్గించగలడు, కంప్యూటర్ బిల్లు చూపించి మాట తప్పించుకోడు. కొత్త మాల్స్ వచ్చాక ఇక్కడ జనం తగ్గారు. మూసిన షట్టర్లు కూడా కనబడతాయి. కానీ తక్కువ డబ్బుతో ఏదైనా కొనుక్కుని రావాలంటే మూడింటిలో ఇదే ముందుంటుంది.

ఎక్స్‌ప్రెస్ అవెన్యూ

దీన్ని 2010లో తెరిచారు. లోపలికి వెళ్తే తల పైకెత్తి చూడాల్సిందే, అంత ఎత్తు. చెన్నైలో పెద్ద మాల్స్‌లో ఇది ఒకటి. పక్కన ఉన్న రోడ్డు పేరు క్లబ్ హౌస్ రోడ్డు. ఆ పేరులో ఉన్న క్లబ్ ఏది? మద్రాస్ క్లబ్. 1832లో ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న క్లబ్ అది. ఎంతో కాలం అందులో మన దేశస్థులకు సభ్యత్వం ఇవ్వలేదు. లోపల వడ్డించేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు మాత్రం మనవాళ్లే.

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో ఆ స్థలం ఇండియన్ ఎక్స్‌ప్రెస్ యజమాని రామనాథ్ గోయెంకా చేతికి వచ్చి ఎక్స్‌ప్రెస్ ఎస్టేట్స్ అయింది. మాల్ పేరులో ఉన్న ఎక్స్‌ప్రెస్ అదే. మన తెలుగువాళ్లకు ఇందులో ఒక సంబంధం ఉంది. ఆంధ్రప్రభ దినపత్రిక కూడా గోయెంకా గారి సంస్థదే. అది 1938లో మద్రాసులోనే మొదలైంది. నార్ల వెంకటేశ్వరరావు గారు దానికి చాలాకాలం సంపాదకులుగా ఉన్నారు. విజయవాడలోనో హైదరాబాదులోనో కాదు, ఈ ఊళ్లో అచ్చయిన పేపరు కోసం ఆంధ్ర జిల్లాల్లో జనం ఎదురుచూసేవారు.

ఒకప్పుడు మనవాళ్లను సభ్యులుగా చేర్చుకోని చోటికి ఇప్పుడు ఎవరైనా వెళ్లొచ్చు. చరిత్ర ప్రకారం చూస్తే ఇది పెద్ద మార్పు. కానీ మేము వెళ్తే ఎక్కువసేపు చూడ్డమే, కొనడం తక్కువ. ఎండాకాలంలో చల్లగా తిరగడానికి మాత్రం చాలా బాగుంటుంది.

విజయా మాల్

వడపళనిలో ఆర్కాట్ రోడ్డు మీద 2013లో దీన్ని ఫోరమ్ విజయా మాల్ అనే పేరుతో తెరిచారు. ఇప్పుడు నెక్సస్ విజయా అంటున్నారు. ముందు మాట మారింది, విజయ మారలేదు.

ఆ విజయ ఎవరి పేరో మా క్లాసులో అడిగితే ఇద్దరికే తెలుసు. అది విజయా వాహినీ స్టూడియో పేరు. మూలా నారాయణస్వామి, బి.ఎన్. రెడ్డి గార్లు 1948లో వాహినీ స్టూడియో మొదలుపెట్టారు. తర్వాత బి. నాగిరెడ్డి గారు దాన్ని తీసుకుని విజయా వాహినీగా పెంచారు. నాగిరెడ్డి గారిది కడప జిల్లా పొట్టిపాడు. ఆయన, చక్రపాణి గారు కలిసి 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. 1951లో పాతాళభైరవి, 1955లో మిస్సమ్మ, 1957లో మాయాబజార్, 1962లో గుండమ్మ కథ తీశారు. తెలుగే కాదు, తమిళం, హిందీ సినిమాలు కూడా తీశారు. ఆ స్థలంలోనే 1972లో విజయా హాస్పిటల్ వచ్చింది. 1986 సంవత్సరానికి నాగిరెడ్డి గారికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు అందులో చేరలేదు. అయినా తెలుగు సినిమా ఇంకా చాలా ఏళ్లు ఈ ఊళ్లోనే ఉంది. దాని కోసం నటులు, దర్శకులే రాలేదు. వడ్రంగులు, దర్జీలు, లైట్లు మోసేవాళ్లు, వంటవాళ్లు కూడా వచ్చారు. నెల్లూరు జిల్లా నుంచి మా తాత అలా 1966లో వచ్చాడు. అప్పుడు ఆయనకు 17 ఏళ్లు. స్టూడియోలో సెట్లు వేసే వడ్రంగి పని.

ఫ్లోర్ అనే మాటకు మా తాతకు ఒక అర్థం, నాకు ఒక అర్థం. నాకు ఫ్లోర్ అంటే మాల్‌లో మొదటి అంతస్తు, రెండో అంతస్తు. తాతకు ఫ్లోర్ అంటే షూటింగ్ జరిగే పెద్ద హాలు. తాత ఇలా చెప్పాడు: "ఫ్లోర్లో వారం పది రోజులు రాత్రీ పగలూ కొట్టి రాజుగారి మేడ నిలబెట్టేవాళ్లం పాపా. షూటింగ్ అయిపోతానే మేమే పీకేసేవాళ్లం. మేకులు కూడా పారేసేది లేదు. వంకర తీసి మళ్లీ వాడేవాళ్లం."

తర్వాత తెలుగు సినిమా కొంచెం కొంచెంగా హైదరాబాదుకు వెళ్లిపోయింది. తాతతో పనిచేసినవాళ్లలో చాలామంది దాని వెనకే వెళ్లారు. అప్పటికి మా నాన్న ఇక్కడి తెలుగు బడిలో చదువుతున్నాడు. అందుకని తాత వెళ్లలేదు. ఇళ్లకు తలుపులు, కిటికీలు చేసే పనికి మారాడు.

ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మా అవ్వ చెప్పిన మాట. తాత అన్నేళ్లు ఆ స్టూడియోలో పనిచేసినా అవ్వ ఒక్కసారి కూడా గేటు దాటి లోపలికి వెళ్లలేదు. ఆర్టిస్టులు, పనివాళ్లు తప్ప ఊరికే వచ్చినవాళ్లను వాచ్‌మన్ పంపించడు. అవ్వ క్యారియర్ తెచ్చి గేటు దగ్గర ఇచ్చి వెళ్లేది. ఆ నేల మీద ఆమె మొదటిసారి అడుగుపెట్టింది మాల్ వచ్చాకే. మా నాన్న అందరినీ తీసుకెళ్లాడు. తాత దుకాణాలు చూడలేదు, ఆర్కాట్ రోడ్డు వైపు తిరిగి గేటు ఎక్కడుండేదో చూసుకున్నాడు. అవ్వ మాత్రం ఒక బెంచీ మీద కూర్చుని, "ఇదేనా నువ్వు పనిచేసిన చోటు, చల్లగా ఉందే" అంది.

ఏది నా మాల్?

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెడతాను. ధరలకు, బేరానికి స్పెన్సర్ ప్లాజాకు మార్కులు. భవనం అందానికి, చల్లదనానికి ఎక్స్‌ప్రెస్ అవెన్యూకు మార్కులు. వెళ్లిరావడానికి మూడూ సులువే. స్పెన్సర్‌కు ఎల్.ఐ.సి. మెట్రో స్టేషన్ దగ్గర, విజయా మాల్‌కు వడపళని స్టేషన్ దగ్గర. ఎక్స్‌ప్రెస్ అవెన్యూకు మౌంట్ రోడ్డు నుంచి నడిచి వెళ్లొచ్చు. అప్పుడు ఎవరు లోపలికి వెళ్లగలిగేవారు అని చూస్తే మూడు చోట్లా తలుపులు కొందరికే. ఒక చోట దొరలకు, ఒక చోట క్లబ్ సభ్యులకు, ఒక చోట పని ఉన్నవాళ్లకు. ఇప్పుడు తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి. కాకపోతే జేబులో డబ్బు లేనివాళ్లు ఏ మాల్‌లో అయినా చూసి రావడమే. అది కూడా ఒక రకం గేటే అని నా అభిప్రాయం.

నా ఓటు విజయా మాల్‌కు. అక్కడ సరుకులు బాగుంటాయని కాదు. "మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడు వచ్చారు? సొంత ఊరికి ఎప్పుడు వెళ్తారు?" అని మా వీధిలో తమిళ ఫ్రెండ్స్ మామూలుగానే అడుగుతుంటారు. మా చుట్టాలు ఫోన్ చేసి, చెన్నైలో ఉండి పిల్లను తెలుగు మీడియంలో ఎందుకు చదివిస్తున్నారు అని నాన్నను అడుగుతుంటారు. ఈ రెండు ప్రశ్నలకూ నాకు జవాబు దొరికిన చోటు అదే. మేము ఈ ఊరికి పని చేయడానికి వచ్చాం. చేశాం. మా తాత కొట్టిన మేకులు ఆ నేల మీద ఎన్ని వేలో ఆయనకే తెలియదు. ఆ పని తెలుగులో జరిగింది, ఈ ఊళ్లోనే జరిగింది. కాబట్టి తెలుగు మా భాషే, ఇది మా ఊరే. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఒక్క మా ఇంటి సంగతే కాదు ఇది. టి.నగర్‌లో టి అంటే పిట్టి త్యాగరాయ చెట్టి గారు. అక్కడి పానగల్ పార్కు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పానగల్ రాజా రామరాయనింగారి పేరు. ఇద్దరూ తెలుగువాళ్లే. మనం దీపావళి బట్టలకు వెళ్లి ఈ పేర్ల మధ్యే తిరుగుతాం, ఎవరివని మాత్రం అడగం.

ఈసారి వడపళని వెళ్లినప్పుడు మాల్ బయట పేరు చదివి, పక్కనున్న మీ తమ్ముడికో చెల్లెలికో మాయాబజార్ తీసిన స్టూడియో ఇక్కడే ఉండేదని చెప్పండి. అంతకంటే ముందు మీ ఇంట్లో తాతనో అవ్వనో అడగండి, ఈ ఊరికి ఎందుకొచ్చారని. పేపరు, పెన్ను దగ్గర పెట్టుకుని అడగండి. మా తాత రెండు గంటలు ఆపకుండా చెప్పాడు. నా నోట్‌బుక్‌లో ఇంకా 14 పేజీలు ఉన్నాయి. మిగతావి వచ్చే ఏడాది సంచికలో రాస్తాను.